22 నిమిషాలు మాట్లాడాక ఎదురైన ఒకే ఒక్క ప్రశ్న

ఆ రోజు రివ్యూ మీటింగ్‌లో నేను 22 నిమిషాలు మాట్లాడాను. 31 స్లైడ్లు. మూడు నెలల్లో కస్టమర్ల నుంచి వచ్చిన ఫిర్యాదులన్నీ రకాలవారీగా విడగొట్టి, పట్టికలు వేసి, గ్రాఫులు గీసి, రెండు వారాలు కూర్చుని తయారుచేసిన ప్రజెంటేషన్ అది. చివరి స్లైడ్ అయ్యాక మా డిపార్ట్‌మెంట్ హెడ్ తలెత్తి, "చాలా కష్టపడ్డావమ్మా. ఇంతకీ మేమిప్పుడు ఏం చెయ్యాలంటావు?" అని మామూలుగానే అడిగారు.

జవాబు నా దగ్గర ఉంది. బిల్లు బయటికి వెళ్లే ముందు పాత బకాయి ఒక్కసారి సరిచూస్తే, ఆ ఫిర్యాదుల్లో దాదాపు సగం అసలు రావు. అది చెప్పడానికే అంత పనీ చేశాను. 27వ స్లైడ్‌లో చెప్పాను కూడా. అప్పటికే గదిలో చాలామంది ఫోన్లు చూసుకుంటున్నారు.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. ఆ అంకెల వెనక మనుషులున్నారు. కట్టేసిన బిల్లుకే మళ్లీ నోటీసు అందుకున్నవాళ్లు, ఫోన్ చేసి అరగంట లైన్లో ఎదురుచూసినవాళ్లు. వాళ్ల తరఫున మాట్లాడే అవకాశం నా చేతికి వచ్చి జారిపోయింది. మాట్లాడటం నేర్చుకోవాలని గట్టిగా అనుకున్నది అప్పుడే.

మొదట నా సమస్య భయమే అనుకున్నాను. భయం ఉన్నమాట నిజం. నా వంతు దగ్గరపడుతుంటే గుండె దడ, అరచేతుల్లో చెమట, నోరు పిడచకట్టుకుపోవడం. ఏదో ప్రమాదం ముంచుకొస్తోందనుకుని శరీరం అడ్రినలిన్ వదులుతుంది, ఇదంతా దాని పనే. పీల్చినదానికంటే ఎక్కువసేపు, మెల్లగా ఊపిరి వదిలితే గుండె వేగం కాస్త తగ్గుతుంది. లేచే ముందు ఐదారుసార్లు అలా చెయ్యడం అలవాటు చేసుకున్నాను. అంతకంటే ఎక్కువ ధైర్యం ఇచ్చింది కెనెత్ సావిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2003లో ప్రచురించిన పరిశోధన. మన టెన్షన్ ఎదుటివాళ్లకి కనిపించేది మనం అనుకునేదానికంటే తక్కువేనట. ఆ సంగతి ముందే తెలిసినవాళ్లు, తెలియనివాళ్లకంటే బాగా మాట్లాడారట.

చదివినప్పుడు పూర్తిగా నమ్మలేదు. ఆ మీటింగ్‌లో కొందరు ఆన్‌లైన్‌లో ఉన్నారు కాబట్టి రికార్డింగ్ దొరికింది. దాన్ని తెరవడానికి నాలుగు రోజులు పట్టింది. ముందు నా గొంతే నాకు పరాయిగా అనిపించింది. మాట్లాడేటప్పుడు మన గొంతు గాలిలోంచే కాక పుర్రె ఎముకల గుండా కూడా మన చెవికి చేరుతుంది, అందుకే లోపలికి గంభీరంగా వినిపిస్తుంది. మిగతావాళ్లు రోజూ వినేది రికార్డింగ్‌లో ఉన్న గొంతునే. దానికి అలవాటుపడ్డాక నా చేతుల వైపు చూశాను. ఆ రోజు వణికిన చెయ్యి నాకు బాగా గుర్తు. తెరమీద ఎంత వెతికినా ఆ వణుకు కనపడలేదు.

కనపడింది వేరే. ఒక కాగితం పక్కన పెట్టుకుని మొదటి ఆరు నిమిషాల్లో ఎన్నిసార్లు 'అంటే' అన్నానో గీతలు పెట్టుకుంటూ విన్నాను. నాలుగు గీతలు, ఐదోది అడ్డంగా. ఎనిమిది కట్టలు, మీద ఒకటి. మొత్తం 41. ఊతపదాలు మానేయమని అందరూ చెప్తారు. నేనూ మానేయాలనే చూశాను, మాట ఇంకా తడబడింది. మళ్లీ విన్నప్పుడు అవి ఎక్కడ వస్తున్నాయో చూశాను. ఒక గ్రాఫు వివరించేటప్పుడు రావడం లేదు. ఒక స్లైడ్ అయిపోయి రెండోది వచ్చే చోట గుంపుగా వస్తున్నాయి. ఎందుకంటే దీని తర్వాత అది ఎందుకు చెప్తున్నానో నాకే తెలియదు. ఆ ఖాళీని 'అంటే'తో పూడుస్తున్నాను.

అప్పటినుంచి స్లైడ్లు బట్టీపట్టడం మానేసి, ఒక విషయం నుంచి ఇంకో విషయానికి దాటించే వాక్యాలు మాత్రం రాసుకోవడం మొదలుపెట్టాను. "ఇన్ని ఫిర్యాదులున్నాయి. వీటిలో ఎక్కువ భాగం ఒకే చోట పుడుతున్నాయి." ఈ రెండు వాక్యాల మధ్య నోరు మూసుకుని ఆగడం. రెండు సెకన్లు ఆగితే నాకు యుగంలా ఉండేది. రికార్డింగ్‌లో వింటే అది ఆలోచించి మాట్లాడుతున్న మనిషి ఆగినట్టే ఉంది.

సాధన కోసం టోస్ట్‌మాస్టర్స్ క్లబ్‌లో చేరాను, నలుగురిలో మాట్లాడటం సాధన చేసేవాళ్లు కలిసే చోటు. 1924లో కాలిఫోర్నియాలోని శాంటా అనాలో రాల్ఫ్ స్మెడ్లీ మొదలుపెట్టిన సంస్థ అది. అక్కడ ఊతపదాలు లెక్కపెట్టడానికే ఒక మనిషి కూర్చుంటారు. ఐదు నుంచి ఏడు నిమిషాల ప్రసంగానికి టైమ్ ఎంతయిందో తెలిసేలా ఐదో నిమిషంలో ఆకుపచ్చ, ఆరులో పసుపు, ఏడులో ఎరుపు రంగు చూపిస్తారు. అప్పటికప్పుడు ఇచ్చిన అంశం మీద ఒకటి రెండు నిమిషాలు మాట్లాడించే టేబుల్ టాపిక్స్ మొదటి నెలంతా నాకు గండంలా ఉండేది. కానీ అక్కడ పొగడ్తతో సరిపెట్టరు. ఏది బాగుందో, ఏది మార్చుకోవాలో ఒక మనిషి లేచి స్పష్టంగా చెప్తారు. నా మూడో ప్రసంగం అయ్యాక ఒకావిడ, "మీరు చెప్పినవన్నీ అర్థమయ్యాయండీ, మీరు ఎవరితో చెప్తున్నారో అర్థం కాలేదు" అన్నారు. ఏడాదిలో నేను విన్న మాటల్లో నాకు ఎక్కువ ఉపయోగపడింది అదే.

ఆ మాట పట్టుకుని వెతుకుతుంటే 1990లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఎలిజబెత్ న్యూటన్ అనే పరిశోధకురాలు చేసిన ప్రయోగం తెలిసింది. కొందరు తెలిసిన పాటలకి టేబుల్ మీద దరువు వెయ్యాలి, ఎదుటివాళ్లు పాట ఏదో చెప్పాలి. సగం పాటలు గుర్తుపడతారని దరువు వేసినవాళ్లు అనుకున్నారు. 120 పాటల్లో గుర్తుపట్టింది మూడే. వేసేవాళ్ల తలలో పాట మోగుతోంది, వినేవాళ్లకి చప్పుడు మాత్రమే అందుతోంది. ఇది చదివి నేను కాసేపు కదలకుండా కూర్చున్నాను. మూడు నెలల ఫిర్యాదులు నా తలలో ఒక పాటలా మోగుతున్నాయి. మీటింగ్‌లో అందరికీ నేను 31 స్లైడ్ల చప్పుడు వినిపించాను.

తర్వాతి రివ్యూకి తయారయ్యేటప్పుడు కంప్యూటర్ తెరవలేదు. కాగితం మీద ఒక్క వాక్యం రాశాను: నా మాట విన్నాక వాళ్లు ఏం నిర్ణయం తీసుకోవాలి? తర్వాత అకౌంట్స్‌లో పనిచేసే స్నేహితురాలిని పిలిచాను. నా పనితో ఆమెకి సంబంధం లేదు. రెండు నిమిషాలు చెప్పి, "నీకేం అర్థమైందో ఒక్క ముక్కలో చెప్పు" అన్నాను. మొదటిసారి, "బిల్లుల్లో తప్పులు చాలా ఉన్నాయి" అంది. నేను చెప్పదలిచింది అది కాదు. మార్చి చెప్పాను. రెండోసారి, "పాత బకాయి చూడకుండా బిల్లు పంపొద్దంటున్నావు" అంది. అక్కడితో ఆపేశాను.

మీటింగ్‌లో లేచి ముందు ఆ నిర్ణయమే అడిగాను: "బిల్లు పంపే ముందు బకాయి సరిచూసే పని వచ్చే నెల నుంచి మొదలుపెడదామని అడగడానికి వచ్చాను." తర్వాత ఒకే ఒక్క ఫిర్యాదు, పేరు చెప్పకుండా, మొదటి నుంచి చివరిదాకా వినిపించాను. ఒక పెద్దాయన కట్టిన బిల్లుకి మూడు నోటీసులు, ఏడు ఫోన్ కాల్స్. ఒక్క ఫోను కూడా టేబుల్ మీదనుంచి లేవలేదు. గ్రాఫులు నాలుగే చూపించాను. రెండో నిమిషంలోనే ప్రశ్నలు మొదలయ్యాయి, తొమ్మిదో నిమిషానికి నా మాట అయిపోయింది. మిగతా అరగంటా వాళ్లే వాదించుకున్నారు. వెంటనే సరేననలేదు. ముందు ఒక్క విభాగంలో రెండు నెలలు చేసి చూద్దామన్నారు. నాకు అది చాలు.

అనుకోని ప్రశ్న వస్తే ఇప్పటికీ తొందరపడి జవాబు చెప్పేస్తాను. అడిగినవాళ్ల ప్రశ్నని ఒకసారి నా మాటల్లో తిరిగి చెప్పి, ఆ తర్వాత జవాబు ఇవ్వడం సాధన చేస్తున్నాను. సగంసార్లు గుర్తుంటోంది.

ఆ రెండు నెలలు ఈ శుక్రవారంతో అయిపోతాయి, ఫలితాలు నేనే చెప్పాలి. మొదటి వాక్యం ఇప్పటికి నాలుగుసార్లు మార్చి రాశాను. రేపు మధ్యాహ్నం అకౌంట్స్ స్నేహితురాలు వింటానంది.