ఏడు, ఎనిమిది, తొమ్మిది

గుంటూరు మిర్చి యార్డులో ఇరవై ఆరేళ్లుగా గుమస్తా పని చేస్తున్నాను. ఘాటుకు తుమ్మే రోజులు ఎప్పుడో దాటిపోయానని అనుకునేవాణ్ణి. కొత్తగా చేరిన కుర్రాళ్లు ముక్కుకు రుమాలు కట్టుకుని దగ్గుతుంటే నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వుకు వడ్డీతో సహా చెల్లించాను.

మార్చి నెల, సీజన్ మంచి ఊపు మీద ఉంది. తేజ రకం లాటు ఒకటి చూపిస్తున్నాను. కొనేవాడు పై వరసలోంచి కూడా మచ్చు తీయమన్నాడు. బస్తాలు మోసే ముఠావాళ్లు టీకి వెళ్లారు. యాభై రెండేళ్ల వయసులో టిక్కీల మీదకు, అంటే మిర్చి బస్తాల మీదకు, ఎక్కకూడదని తెలుసు, ఎక్కాను. కాలి కింద టిక్కీ జారింది. నేల మీద పడ్డా బాగుండేది, ఎడమ పక్క వెళ్లి కాటా అంచుకు తగిలింది. ఉన్న గాలంతా ఒక్కసారి బయటికి పోయింది, తిరిగి లోపలికి రాలేదు. నోరు తెరిచే ఉంది, మాట లేదు. ఆ కాసేపట్లో రైతు మొహం ఎలా ఉందో ఇప్పటికీ గుర్తు.

ఆ సాయంత్రం ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు. లోపల కమిలిందంతే అని మాత్రలు రాశారు. పక్కటెముక విరిగినా ముక్కలు పక్కకు జరక్కపోతే ఎక్స్‌రేకు చిక్కకపోవడం మామూలేనట, తర్వాత తెలిసింది. మూడో రోజు రాత్రికి జ్వరం వచ్చింది, ఊపిరి సగంలోనే ఆగిపోతోంది. కొత్తపేటలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్తే సీటీ స్కాన్ తీశారు. ఎడమవైపు ఏడు, ఎనిమిది, తొమ్మిది విరిగాయి. తొమ్మిదో ఎముక చాటునే ప్లీహం ఉంటుంది కాబట్టి కడుపు స్కానింగ్ కూడా చేశారు. దానికేం కాలేదు. ఊపిరితిత్తి అడుగున మాత్రం కఫం చేరింది. ఐదు రోజులు ఉంచుకున్నారు.

"కట్టు ఎప్పుడు కడతారండీ?" అని అడిగాను.

"కట్టం" అన్నాడు డాక్టరు.

ఈ మాట మా అమ్మ ససేమిరా నమ్మలేదు. ఎముక విరిగితే కట్టు కట్టకపోవడమేమిటి, వీళ్లకు చేతకాకపోతే పుత్తూరు కట్టు కట్టిద్దాం అంది. చూడటానికి వచ్చిన ప్రతివాడూ అదే మాట. పూర్వం ఛాతీకి గట్టిగా పట్టీలు చుట్టేవారట. అలా బిగిస్తే నొప్పి తగ్గుతుంది కానీ ఊపిరి పైపైనే ఆడుతుంది, ఊపిరితిత్తి అడుగు భాగం మూసుకుపోయి న్యుమోనియా వస్తుంది, అందుకే మానేశారని డాక్టరు చెప్పాడు. కట్టు కట్టకుండానే నాకు సగం దాకా వచ్చింది మరి. నొప్పికి భయపడి మూడు రోజులు నేనే నా ఛాతీని కట్టేసుకున్నాను.

చెయ్యి విరిగితే కదపకుండా ఉంచొచ్చు. పక్కటెముకకు ఆ వీల్లేదు. మంచం మీద పడుకుని లెక్క వేశాను, గుమస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది. నిమిషానికి పదహారు ఊపిర్లు. గంటకు 960. రోజుకు 23,040. ఎముక అతకడానికి ఆరు వారాలన్నారు, అంటే 9,67,680. అన్నిసార్లు విరిగినచోట కదులుతూనే అది అతుక్కోవాలి. ఈ లెక్క మా ఆవిడకు చెబితే, "మాత్ర వేసుకుని పడుకోండి" అంది.

మొదట నరానికి మత్తు ఇంజెక్షన్ ఇచ్చి ఊపిరి తీయించారు. ఆ తర్వాత మూడు గోళీలున్న ప్లాస్టిక్ పరికరం చేతికిచ్చారు. గొట్టంలోంచి గాలి లోపలికి పీలిస్తే గోళీలు లేవాలి. 600, 900, 1200 అని అంకెలుంటాయి. మొదటి రోజు మొదటి గోళీయే వణికి ఊరుకుంది. గంటగంటకూ పదేసిసార్లు పీల్చమన్నారు. పసిపిల్లల ఆటవస్తువులా ఉండే ఆ డబ్బా ముందు నాకు ఏడుపొచ్చింది.

ఇంటికొచ్చాక పడక కుర్చీలోనే నిద్ర. వెల్లకిలా పడుకుంటే లేవలేను, లేవాలంటే ఇద్దరు పట్టాలి. దగ్గు వస్తే దిండు పక్కకు అదుముకుని దగ్గాలి. దగ్గుకైనా ముందు కాస్త కబురు అందుతుంది, తుమ్ముకు అదీ లేదు. చూడటానికి వచ్చిన యార్డువాళ్లే నా పాలిట శత్రువులయ్యారు. పాపం పళ్లు పట్టుకొచ్చేవాళ్లు, పళ్లతోపాటు చొక్కాల నిండా ఘాటు తెచ్చేవాళ్లు. ఇరవై ఆరేళ్లు నన్నేమీ చేయని ఘాటు, ఇప్పుడు మనిషి గుమ్మంలో ఉండగానే ముక్కుకు తగిలేది. తుమ్మితే పక్కలో కొడవలి పెట్టి తిప్పినట్టే. కళ్లు బైర్లు కమ్మేవి. నేను దిండు పట్టుకుని మెలికలు తిరుగుతుంటే వంటింట్లోంచి అమ్మ "చిరంజీవ" అనేది. తుమ్ము వినబడితే అనకుండా ఉండలేదావిడ. చివరికి మా ఆవిడ యార్డువాళ్లను వరండాలోనే కూర్చోబెట్టి, కిటికీలోంచి మాట్లాడించడం మొదలుపెట్టింది.

మా అక్క కూతురు గుంటూరు మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం, మా ఇంట్లోనే ఉంటుంది. రెండో వారంలో ఒక రాత్రి అందరూ పడుకున్నాక అటక మీది నుంచి ట్రంకు పెట్టె దించింది. పాత తువ్వాలులో చుట్టిన ఎముకలు. ఆరు నెలలుగా మా నెత్తిన ఉన్నాయన్నమాట. సీనియర్ల దగ్గర కొన్నదట.

"మామయ్యా, ఇది చూడు" అని పక్కటెముక ఒకటి నా చేతిలో పెట్టింది. ఎండు వెదురు ముక్కంత తేలిక. ఇంత పల్చటిదా అనుకున్నాను. కింది అంచు లోపలివైపు వేలు పెట్టి జరపమంది, సన్నటి గాడి తగిలింది. రక్తనాళాలు, నరం ఆ గాడిలోనే పోతాయట. నాకు సూది ఎముక కింది అంచు దగ్గర ఎందుకు పొడిచారో అప్పుడు తెలిసింది.

మొత్తం పన్నెండు జతలు. మొదటి ఏడూ ఎవరి మృదులాస్థితో వాళ్లు రొమ్ము ఎముకకు అతుక్కుంటాయి. ఎనిమిది, తొమ్మిది, పది పైవాడి భుజం పట్టుకుని వేలాడతాయి. పదకొండు, పన్నెండుకు ముందువైపు ఆధారమే లేదు. అంటే నాకు విరిగినవాటిలో ఒకటి స్వంత కాళ్ల మీద నిలబడేది, రెండు దాన్ని నమ్ముకున్నవి. మా కమీషన్ కొట్టు గుర్తొచ్చింది.

వెన్నుపూసలు కూడా తీసింది. మెడలో 7, ఛాతీ వెనక 12, నడుములో 5. పక్కటెముక తల వెనక్కి వెళ్లి రెండు వెన్నుపూసల మధ్య ఒదిగి కూర్చుంది. ముందుకు వంగితే వీపులో నొప్పి ఎందుకొస్తోందని నేనడుగుతున్న ప్రశ్నకు జవాబు అదే. ఆ కీలు మీదనే ఎముక బకెట్ పిడిలా పైకి లేస్తుంది, దిగుతుంది, అలా లేచినప్పుడే ఛాతీ పక్కలకు విప్పారి గాలి లోపలికొస్తుంది. బోను, పంజరం అంటాం కానీ ఏ పంజరమూ ఇలా ఊగదు.

తర్వాత ఆ పిల్ల ఇంకో ఎముక వెతికి ఇచ్చింది. వంపు దగ్గర చిన్న ముడి ఉంది, చెరుకు కణుపులా. "ఇది ఎప్పుడో విరిగి అతికింది మామయ్యా. నీకూ ఇలాగే వస్తుంది" అంది. ఎవరో, ఏ ఊరో, ఆడో మగో. వాళ్లూ కొన్ని వారాలు తుమ్ముకు భయపడి బతికారు. తర్వాత బాగుపడి ఇంకా చాలా కాలం బతికారు, లేకపోతే ముడి అంత నున్నగా అవదట. డాక్టరు చెప్పినప్పుడు కలగని ధైర్యం నాకు దాన్ని తడిమితే కలిగింది. ఆ రాత్రి రెండో గోళీ లేచింది. యాదృచ్ఛికమే కావచ్చు.

తెల్లవారుజామున అమ్మ లేచి చూసేసరికి నా ఒళ్లో ఎముకలు, కుర్చీ పక్కన స్టూలు మీద పుర్రె. చెప్పేదేముంది. ఇల్లంతా పసుపు నీళ్లు చల్లుతానంది. అరవడం అయ్యాక నీరసంగా కూర్చుని, "ఎవరు కన్న బిడ్డో" అంది. ఆ మాటకు మా మేనకోడలు తల వంచుకుంది.

సాయంత్రానికి అమ్మే దగ్గరకొచ్చింది. పుర్రె మీది వంకర గీతలేమిటని అడిగింది. పుర్రె ఒక్క ఎముక కాదు, 22 ఎముకలు, ఆ గీతలు వాటి అతుకులు అని మేనకోడలు చెప్పింది. నాకైతే టిక్కీ మూతికి దబ్బనంతో హడావిడిగా వేసిన కుట్టులా కనిపించింది. పుట్టినప్పుడు ఆ అతుకులు కలిసి ఉండవు, నడినెత్తిన ఖాళీ ఉంటుంది, ఏడాదిన్నరకు పూడుతుంది అని ఆ పిల్ల అంటుంటే అమ్మ మధ్యలోనే అందుకుంది. "మాడు. నాకు చెబుతావేమే. మీ అమ్మకూ వీడికీ రోజూ ఆముదం పెట్టింది నేను కాదూ." కొంగు చేతికి చుట్టుకుని, ఆ కొంగుతోనే పుర్రె నడినెత్తిన తడిమింది. ఆ తర్వాత ట్రంకు పెట్టె అటక మీదికి వెళ్లలేదు, నా కుర్చీ పక్కనే ఉండిపోయింది. పసుపు నీళ్లు మాత్రం చల్లింది.

నాలుగో వారానికి మూడో గోళీ లేచింది. ఆరో వారానికి పక్కకు తిరిగి పడుకున్నాను, ఆ నిద్ర గురించి ఎంత చెప్పినా తక్కువే. బరువులెత్తొద్దని ఇంకో ఆరు వారాలు గడువు పెట్టారు. ఈలోగా యార్డుకు వేసవి సెలవులొచ్చాయి.

జూన్‌లో యార్డు తెరిచిన రోజు మా ఆవిడ చిన్న దిండు ఒకటి సంచిలో పెట్టి పంపింది. గేటు దాటి కొట్టు దగ్గరకు వెళ్లేసరికి ఎవరో రంగు పోయిన తాలు మిరపకాయలు ఎత్తిపోస్తున్నారు. ముక్కులో మంట మొదలైంది. సంచి సైకిలుకే వేలాడుతోంది, దిండు తీసే వ్యవధి లేదు. అరచేయి పక్కకు నొక్కి పెట్టి, కళ్లు మూసుకుని తుమ్మాను.

ఏమీ కాలేదు. నమ్మకం కుదరక నిలబడ్డచోటే ఉన్నాను. ఇంకోటి వచ్చింది.

"చిరంజీవ" అన్నాడు ముఠామేస్త్రి, నాకంటే పదిహేనేళ్లు చిన్నవాడు.