పొగాకు గోడౌన్‌లో ఇటుక గోడ

పొద్దున్నే ప్లాస్టరింగ్ ఊడగొట్టడం మొదలైంది. ఇల్లుగా మారుస్తున్న గుంటూరు పొగాకు గోడౌన్ ఇది, 18 అంగుళాల గోడలు, డంగు సున్నం కట్టుబడి. పెచ్చు ఊడినప్పుడల్లా ఘాటు ముక్కుకి తగులుతోంది. ఇలాంటి గోడకి బ్రేకర్ మెషిన్ పెట్టకూడదు. ఉలిని పడుకోబెట్టి కొడితే పెచ్చులుగా వచ్చేస్తుంది, నిలబెట్టి కొడితే ఇటుక అంచు పోతుంది. ఆ తర్వాత నైలాన్ బ్రష్షే. గ్రైండర్‌కి ఇనప బ్రష్ తగిలిస్తే పని చిటికెలో అయిపోతుంది గానీ, బట్టీలో బాగా కాలిన పైపొర లేచిపోతుంది. లోపలి మెత్తటి ఇటుక వాన నీళ్లన్నీ పీల్చేస్తుంది.

సందుల్లో పొడైపోయిన సున్నాన్ని 20–25 మిల్లీమీటర్ల లోతు గీకి, ఒక పాలు సున్నం, మూడు పాళ్లు ఇసుకతో పాయింటింగ్ చేయాలి, అంటే ఆ సందుల్ని మళ్లీ పూడ్చాలి. సిమెంటు వద్దంటే మేస్త్రీలకి నచ్చదు. కానీ అది ఈ ఇటుక కంటే గట్టి. చెమ్మ సందులోంచి రాలేక ఇటుకలోంచి వస్తుంది, ఉప్పు చేరి ఇటుక మొహం పొరలుగా రాలుతుంది. తూర్పు గోడ అడుగున అప్పుడే తెల్లగా ఉప్పు తేలింది. దాన్ని పొడి బ్రష్‌తోనే దులపాలి. కడిగితే కరిగి మళ్లీ లోపలికే పోతుంది. చెమ్మ ఆరకుండా పైన వార్నిష్ కొడితే బుడగలొస్తాయి.

అసలు గోడ కంటే ముందు కప్పు చూడాలి. ఇంటివాళ్లు మాత్రం ఇటుక రంగే అడుగుతారు. ఇటుక గోడ బయటికి కనబడాలనే ఈ మోజు న్యూయార్క్‌లోని సోహో పేటది. అక్కడి పాత ఫ్యాక్టరీ అంతస్తుల్లో కళాకారులు కాపురముండొచ్చని 1971లో నగరం ఒప్పుకుంది. ఆ చలిలో పెద్ద కిటికీల ఎండ వరమే, గుంటూరు మే నెలలో కాదు.

కప్పు మీది ఆస్బెస్టాస్ రేకుల్ని తడిపి, బోల్టులు విప్పి, నిండు రేకుగానే దించాలి. విరిస్తే లేచే దుమ్ముని గుడ్డ మాస్కు ఆపదు. వాటి బదులు 50 మిల్లీమీటర్ల పఫ్ ప్యానెల్, అంటే రెండు రేకుల నడుమ నురుగు నింపిన పలక. పాత రేకు కంటే తేలిక కాబట్టి కప్పుని మోసే చట్రానికి, అదే ట్రస్సుకి, బరువు గొడవ లేదు. చిక్కంతా ఆ తేలికతోనే, తుపాను గాలి ఎత్తేస్తుంది. చూరు వెంట, కొసల్లో స్క్రూలు దగ్గర దగ్గరగా పడాలి, ట్రస్సు కాళ్లు గోడలో గట్టిగా ఉండాలి. ఇక్కడ రెండు చోట్ల బోల్టు తుప్పు పట్టి చేత్తో తడితేనే ఊగుతోంది.

సాయంత్రం మెజనైన్ పంచాయితీ, అంటే హాల్లో సగం ఎత్తున వేసే చిన్న అంతస్తు. ఇంటివాళ్లు దాన్ని ట్రస్సుకి వేలాడదీయమంటారు. కుదరదు. అది కప్పు కోసం లెక్కగట్టిన ట్రస్సు. మనుషులుండే అంతస్తుకి చదరపు మీటరుకి 200 కిలోలు లెక్కేసుకోవాలి, అంటే వేరే స్తంభాలు, వేరే పునాదులు. పైనా కిందా 2.2 మీటర్లైనా ఎత్తు మిగలాలి. చూరు పక్కన మిగలదు, కాబట్టి పడకగది హాలు నడుమకే వస్తుంది. రేపు నేల మీద సుద్దముక్కతో గీసి చూపించాలి.