పసుపు మెట్ల మీద నిలబడితే

"అన్నా, ఆ పసుపు మెట్ల మీద నిలబడకూడదన్నా. కొంచెం లోపలికి జరగండి."

లాంకషైర్‌లో ఒక చిన్న ఊరి ఫుట్‌బాల్ గ్రౌండు. లీగ్ టూ, అంటే ఇంగ్లండ్‌లో నాలుగో అంచె. పక్క ఊరితో డెర్బీ. వాన పడీ పడనట్టు పడుతోంది. గోల్ వెనక నిలబడి చూసే టెర్రస్ మీద జనం రేకు కప్పు అదిరేలా పాడుతున్నారు. అంత గోలలో తెలుగు చెవినబడితే ప్రాణం లేచొస్తుంది. తీరా తిరిగి చూస్తే అది పలకరింపు కాదు, మందలింపు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రాడు, రెండు సైజులు పెద్దదైన నారింజ జాకెట్, చెవిలో రేడియో తీగ. స్టీవర్డ్, అంటే గ్రౌండులో జనాన్ని చూసుకునే మనిషి. పది నిమిషాలయ్యాక మళ్ళీ అదే మాట. మూడోసారికి "అన్నా" పోయి "సర్, ప్లీజ్" మిగిలింది.

ఒళ్ళు మండేది ఆ "సర్" దగ్గరే. మనవాడే కదా, చూసీ చూడనట్టు పోతే వాడి సొమ్మేం పోయింది? టెర్రస్ సగం ఖాళీ. పైగా రెండు గజాల అవతల డెబ్బై ఏళ్ళ పెద్దాయన ఒకరు లైన్‌మన్ (గీత పక్కన జెండా పట్టుకునే సహాయ రిఫరీ) పుట్టుక గురించి, కంటిచూపు గురించి గుక్క తిప్పుకోకుండా చెబుతున్నారు. లీగ్ టూలో వీడియో రిఫరీలు లేరు, ఆయన జెండా తప్పైతే వీడియో చూసి దిద్దేవాళ్ళుండరు. తిట్లన్నీ కూడా ఆయనకే. ఆ పెద్దాయన్ని ఎవరూ ఏమీ అనలేదు. నోరు మూసుకుని మెట్టు మీద నిలబడ్డ మనకు మాత్రం మూడు హెచ్చరికలు.

కుర్రాడి మీద కోపం తగ్గాలంటే ముందు ఆ మెట్ల లెక్క తెలియాలి.

టెర్రస్ అంటే కుర్చీలు లేని కాంక్రీటు అరుగులు. అక్కడక్కడా నడుమెత్తు ఇనప కమ్మీలు ఉంటాయి. ఆనుకోవడానికి బాగుంటాయి గానీ, అసలు పని పైనుంచి జనం తోసుకొస్తే ఆ బరువును ఆపడం. మధ్యలో పసుపు గీతల దారి గ్యాంగ్‌వే. ఇక్కడి మైదానాలన్నిటికీ ప్రమాణం గ్రీన్ గైడ్ అనే పుస్తకం. దాని లెక్క ప్రకారం నిలబడే చోట 10 చదరపు మీటర్లకు 47 మందికి మించకూడదు. ప్రమాదం జరిగితే ఎక్కువలో ఎక్కువ 8 నిమిషాల్లో జనం స్టాండు ఖాళీ చేయగలగాలి, మంటలంటుకునే వీలున్న స్టాండుకైతే రెండున్నర నిమిషాలే. మెట్ల దారిలో ఒక మీటరు వెడల్పుకు నిమిషానికి 66 మంది దిగగలరని అంచనా.

ఇప్పుడు ఆ దారి 1.2 మీటర్లు ఉందనుకోండి. నిమిషానికి 79 మంది, 8 నిమిషాల్లో 630 మంది దిగుతారు. ఒక మనిషి అడ్డంగా నిలబడి అర మీటరు తింటే మిగిలేది 0.7 మీటర్లు. అప్పుడు దిగేది 370 మంది. పైన ఇరుక్కుపోయేవాళ్ళు దాదాపు 260. నిజంగా పరుగు మొదలైతే ఆ మనిషి అక్కడే నిలబడి ఉంటాడా అని వాదించొచ్చు. ఉండడు. పడిపోతాడు, వాడి మీద ఇంకొకరు పడతారు.

ఇదంతా కాగితం మీద పుట్టిన భయం కాదు. 1971 జనవరి 2న గ్లాస్గోలోని ఐబ్రాక్స్ మైదానంలో రేంజర్స్, సెల్టిక్ డెర్బీ అయిపోయి జనం ఇళ్ళకు పోతున్నారు. 13వ నంబరు మెట్లదారిలో ఒకరి మీద ఒకరు పడి 66 మంది చనిపోయారు. గ్రీన్ గైడ్ మొదటిసారి అచ్చయింది ఆ తర్వాతే, 1973లో. పెద్ద గొడవ లేదు, ఎవరూ ఎవరినీ కొట్టలేదు. దిగే మెట్లు, అంతే.

బ్రాడ్‌ఫర్డ్‌ది ఇంకా దగ్గరి కథ. లాంకషైర్ నుంచి కొండ దాటితే వచ్చే ఊరు. 1985 మే 11, మూడో డివిజన్ సీజన్ చివరి రోజు. ఆటకు ముందే ఊరి జట్టు కప్పు అందుకుంది, పండగలాంటి మధ్యాహ్నం. అది పాత చెక్క స్టాండు. పలకల సందుల్లోంచి ఏళ్ళ తరబడి రాలిన కాగితాలు కింద పేరుకుపోయాయి. దానికి నిప్పంటుకుంటే స్టాండు మొత్తం అంటుకోవడానికి నాలుగైదు నిమిషాలు చాలింది. వచ్చిన దారినే పోదామని వెనక్కి పరిగెత్తిన చాలామందికి మూసిన గేట్లు ఎదురయ్యాయి. 56 మంది పోయారు. ముందుకు దూకి పిచ్ మీదకు, అంటే ఆట జరిగే గడ్డి మీదకు, వెళ్ళినవాళ్ళు బతికారు, ఎందుకంటే ఆ స్టాండు ముందు ఇనప కంచె లేదు. నాలుగేళ్ళకు షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో ఆ కంచే ఉంది. అక్కడ నలిగి పోయిన ప్రాణాలు 97. ఆ తర్వాతే కంచెలు పీకేశారు. ఇవాళ చిన్న గ్రౌండులో ఆటగాడి చెమట కనిపించేంత దగ్గరగా, నడుమెత్తు గోడకు ఆనుకుని చూడగలుగుతున్నామంటే కారణం అదే. కంచె తీసేశారు కాబట్టి 1991లో ఇంకో చట్టం తెచ్చారు. అనుమతి లేకుండా పిచ్ మీద కాలు పెడితే నేరం. పిచ్ వైపు ఏ వస్తువు విసిరినా నేరమే. సినిమా మొదటి రోజు మొదటి ఆటకు కాగితాలు చించి ఎగరేసిన చేతులకు ఇది కాస్త కష్టం. నలిపిన టికెట్టు ముక్కయినా సరే, జేబులోనే ఉంచుకోవాలి.

ఇక కుర్రాడి సంగతి. మనవాళ్ళు వారాంతాల్లో చేసే పనుల్లో గోడౌను, కేర్ హోము, డెలివరీ తర్వాత ఇదీ ఒకటి. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకు చదువు సాగే రోజుల్లో వారానికి 20 గంటలే పని. శనివారం మ్యాచ్ అందులో ఐదారు గంటలు మింగేస్తుంది, ఎందుకంటే ఆట మూడింటికైనా డ్యూటీ మధ్యాహ్నానికే మొదలు. జీతం చాలాచోట్ల చట్టం చెప్పిన కనీస వేతనమో, దాని మీద కొన్ని పెన్నీలో. 2025 ఏప్రిల్‌లో ఆ కనీసం 21 ఏళ్ళు నిండినవాళ్ళకు గంటకు 12.21 పౌండ్లు ఉండేది. జనవరిలో పిచ్ గడ్డకట్టి, రిఫరీ పొద్దున్నే వచ్చి బూటు మడమతో నొక్కి చూసి ఆట కుదరదంటే, గంటల లెక్కన పనిచేసేవాడికి ఆ రోజు కూలీ గల్లంతే.

డ్యూటీలో మొదటి నియమం పిచ్‌కు వీపు పెట్టి జనం వైపు చూడటం. వెనక గోల్ పడి ఊరంతా ఎగిరినా తిరగకూడదు. అసలు చూడాల్సింది ఆ క్షణంలోనే, ఎవరు కిందికి దొర్లుతున్నారో, ఎవరు గోడ దూకుతున్నారో. తనకిచ్చిన గ్యాంగ్‌వే ఖాళీగా ఉంచడం రెండోది. పైన కంట్రోల్ రూమ్‌లో సేఫ్టీ ఆఫీసర్ కెమెరాల ముందు కూర్చుని ఉంటారు. పసుపు గీత మీద తల కనబడితే ఆ మాట సూపర్‌వైజర్ ద్వారా వాడి చెవిలో పడుతుంది. మనకు వినపడ్డ మూడు హెచ్చరికల్లో రెండు వాడికి ముందే పడి ఉంటాయి.

దీని వెనక డబ్బు కూడా ఉంది. గ్రౌండుకు సేఫ్టీ సర్టిఫికెట్ ఇచ్చేది కౌన్సిల్. స్టాండులో ఎంతమంది పడతారో కొలిచాక రెండు అంకెలు వేస్తారు, ఒకటి కట్టడం బాగోగులకు, ఒకటి నిర్వహణకు, వాటిలో తక్కువదానితో గుణిస్తారు. స్టీవర్డ్‌ల పనితీరు ఈ రెండోదాంట్లోకి వస్తుంది. అన్నీ సవ్యంగా ఉంటే 1. మెట్లు ఖాళీగా ఉంచలేకపోతున్నారని తనిఖీలో తేలి 0.9 చేశారనుకోండి, 2,000 మంది టెర్రస్ 1,800కి దిగుతుంది. టికెట్టు 20 పౌండ్లనుకుంటే నిండిన ప్రతి ఆటకూ 4,000 పౌండ్లు పోయినట్టే. చిన్న క్లబ్బుకు అది చిన్న మాట కాదు.

జనాన్ని నడిపించడం మనకు కొత్తని ఎవరైనా అంటే మాత్రం ఒప్పుకోబుద్ధి కాదు. తిరుమలలో రోజూ అరవై డెబ్బై వేలమందిని కంపార్టుమెంట్లలో కూర్చోబెట్టి, పాలిచ్చి, అన్నం పెట్టి దర్శనం చేయించి పంపుతారు. ఈ ఐదువేల గ్రౌండు దాని ముందు ఎంత? అయినా 2025 జనవరిలో అదే తిరుపతిలో టోకెన్ల తొక్కిసలాటలో ఆరుగురు పోయారు, జూన్‌లో బెంగళూరు స్టేడియం బయట 11 మంది. ఆ లెక్కలు తలచుకున్నాక ఇక్కడి పసుపు గీత మీద వెక్కిరింత నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. మనకు గేటు దగ్గర ఎప్పుడూ ఒక మనవాడు కావాలి, బాబాయి స్నేహితుడో, సెక్యూరిటీ అన్నో. వాడు పక్కనుంచి లోపలికి పంపితే అభిమానం, పంపకపోతే పొగరు. ఇక్కడ గేటు దగ్గర నిజంగానే మనవాడు దొరికాడు. పంపలేదు. మనసుకు గుచ్చుకున్నది అదీ.

వెళ్ళాలనుకునేవాళ్ళకు మరికొన్ని. డెర్బీ అయితే ముందు జాకెట్ రంగు చూసుకోండి. అవతలి జట్టు రంగేసుకుని ఊరివాళ్ళ వైపు నిలబడితే టికెట్టున్నా బయటికి పంపొచ్చు. ఇలాంటి ఆటలకు కొన్ని క్లబ్బులు ఇదివరకు కొన్నవాళ్ళకే టికెట్లిస్తాయి, పక్క ఊరి పోస్ట్‌కోడ్ కనబడితే ఇవ్వవు. పబ్బుల్లో కూర్చునే టైము తగ్గించడానికి పోలీసుల మాట మీద ఆటను ముందుకు, మధ్యాహ్నం పన్నెండున్నరకు మార్చొచ్చు, టైము మళ్ళీ సరిచూసుకోండి. బీరు గ్లాసుతో పిచ్ కనబడే చోటికి రాకూడదు, 1985 చట్టం. ఐదో అంచె దాకా ఇదే, ఇంకా కింది లీగుల్లో చాలాచోట్ల గ్లాసు పట్టుకునే చూడొచ్చు. చలికి అందరూ వేడి వేడిగా తాగే బోవ్రిల్ అనేది టీ కాదు, గొడ్డుమాంసం సారం. తిననివాళ్ళు చీజ్, ఉల్లిపాయ కూరి కాల్చిన "పై" అడగండి. ఎవరైనా రంగునో జాతినో పట్టుకుని మాట తూలితే అది లైన్‌మన్ తిట్ల లెక్కలోకి రాదు. స్టాండు, వరస, టైము గుర్తుపెట్టుకుని స్టీవర్డ్‌కు చెప్పండి, కెమెరాలో వెతికి పట్టుకుంటారు.

ఆట అయిపోయాక పక్క ఊరివాళ్ళను ఒక్కోసారి ఓ పావుగంట గ్రౌండులోనే ఆపుతారు. మనం ట్రైనుకు పరిగెత్తే వేళకు కుర్రాడు ఇంకా అదే గ్యాంగ్‌వే అడుగున నిలబడి ఉంటాడు. టెర్రస్ ఖాళీ అయ్యాక జాకెట్ నంబరు చూపించి అప్పజెప్పి, సంతకం పెట్టి కదలాలి. ఎవరు గెలిచారో జనం మొహాల్లో చూసే ఉంటాడు. గోల్ ఎవరు కొట్టారో మాత్రం బస్సెక్కాక ఫోన్‌లో చూసుకోవాలి.