పూల్ ప్లేయర్‌కీ బ్యాకర్‌కీ గొడవైతే వార్తలో లెక్క ఎందుకుండదు?

మొన్న రాత్రి మళ్ళీ అదే రకం వార్త చదివా. ఒక ప్రొఫెషనల్ పూల్ (బిలియర్డ్స్ లాంటి టేబుల్ ఆట) ప్లేయర్, అతని మీద డబ్బు పెట్టిన బ్యాకర్, ఇద్దరికీ చెడింది, బ్యాకరేమో నా డబ్బు తినేశాడంటాడు, ప్లేయరేమో నన్ను పీల్చి పిప్పి చేశాడంటాడు, రాసినాయన ఇద్దరి మాటలూ పక్కపక్కన పెట్టేసి చేతులు దులుపుకున్నాడు. రెండుసార్లు చదివా. అసలు వీళ్ళ మధ్య ఒప్పందం ఏంటి, ఎంత పెట్టాడు, గెలిస్తే ఎవరికెంత, ఓడితే ఎవరి నెత్తిన పడుతుంది, ఒక్క అంకె లేదు. ద్రోహం, నమ్మకం, స్నేహం ఇలాంటి మాటలు మాత్రం బోలెడున్నాయి.

పూల్ ఫాలో అవ్వని వాళ్ళ కోసం కొంచెం వెనక్కెళ్ళి చెప్తా. పైనున్న కొద్దిమందిని వదిలేస్తే ఈ ఆటలో ప్రైజ్ మనీ మీద బతకడం చాలా కష్టం, ఎంట్రీ ఫీజు, ఫ్లైట్, హోటల్ అన్నీ సొంత జేబులోంచే, మొదటి రెండు రౌండ్లలో ఓడిపోతే ఖాళీ చేతుల్తో ఇంటికి. అందుకే బ్యాకర్ కావాలి. అమెరికా పూల్ జనం ఇతన్ని స్టేక్ హార్స్ అని కూడా అంటారు. టోర్నమెంట్ ఎంట్రీకీ, బయట పందెం కట్టి ఆడే మనీ మ్యాచ్‌లకీ డబ్బు ఇతనే పెడతాడు, గెలిస్తే సగం సగమో లేదా వాళ్ళు అనుకున్న ప్రకారమో పంచుకుంటారు. ఇంతవరకూ బానే ఉంది, చిక్కంతా మేకప్ అనే దాని దగ్గరుంది.

మేకప్ అంటే ఇక్కడ పాత బాకీ. ఓడిపోయిన డబ్బు ప్లేయర్ ఖాతాలో అలాగే ఉండిపోతుంది, తర్వాత ఎప్పుడు గెలిచినా ముందు ఆ బాకీ తీరాలి, ఏమైనా మిగిలితేనే పంపకం. ఒక లెక్క వేసి చూద్దాం, ఇది నేను ఊహించి వేస్తున్న లెక్కే. మొదటి నెల బ్యాకర్ డబ్బుతో ఆడి 10,000 డాలర్లు ఓడిపోయాడు. రెండో నెల 8,000 గెలిచాడు. జనానికి కనపడేది ఆ 8,000 గెలుపు, ఫొటో, చప్పట్లు, కానీ ప్లేయర్ చేతికి సున్నా, మొత్తం పాత బాకీలోకే పోయింది, ఇంకా 2,000 మిగిలే ఉంది. మూడో నెల 3,000 గెలిచాడు, అందులో 2,000 బాకీకి పోతే మిగిలిన 1,000 చెరి సగం, తలా 500. అంటే మూడు నెలలు ఊళ్ళు తిరిగి రాత్రిళ్ళు తెల్లవార్లూ ఆడి, రెండు నెలలు గెలిచి కూడా మనవాడికి దక్కింది 500 డాలర్లు. ఇదే బ్యాకర్ వైపు నుంచి చూడండి, మొదటి నెల 10,000 చేతులారా పోగొట్టుకున్నాడు, అది తిరిగొస్తుందో రాదో తెలీకుండా ఇంకా డబ్బు పెడుతూ పోయాడు, చివరికి ఆయనకి మిగిలిందీ అదే 500. ఇందులో దొంగెవడు? ఇద్దరూ మోసపోయాం అనే ఫీలవుతారు, ఇద్దరి బాధా నిజమే.

ఇప్పుడు దీనికి హోటల్ ఖర్చు కలపండి, అది మేకప్‌లోకి వస్తుందా రాదా? టోర్నమెంట్‌లో గెలిచింది, బయట మనీ మ్యాచ్‌లో ఓడింది ఒకే ఖాతానా, వేరు వేరా? ఇద్దరూ విడిపోతే బాకీ రద్దయినట్టా లేక ప్లేయర్ జీవితాంతం మోయాలా? మేకప్‌లో ఉండగా ప్లేయర్ ఇంకో బ్యాకర్ దగ్గరికెళ్తే వీడు ఎగ్గొట్టి పారిపోయాడని ప్రచారం మొదలవుతుంది, కానీ వెళ్ళే హక్కు ఉందా లేదా అనేది మొదట్లో ఏం అనుకున్నారన్న దాని మీదే ఉంటుంది కదా. విలేకరి అడగాల్సింది అది.

ఇంకో మాటుంది, డంప్. అంటే కావాలని ఓడిపోవడం, అవతలి వాళ్ళతో కుమ్మక్కై బ్యాకర్ డబ్బు పోగొట్టి తర్వాత వాటా తీసుకోవడం. పూల్‌లో ఇంతకన్నా పెద్ద నింద లేదు, ఒకసారి ఆ మాట పడితే ఇంకెవడూ డబ్బు పెట్టడు. నిరూపించడం మాత్రం దాదాపు అసాధ్యం. బంతి వ్యాసం రెండుంపావు అంగుళాలు, టైట్‌గా కట్టిన టేబుల్ మీద పాకెట్ (బంతి పడే కన్నం) మూతి నాలుగుంపావు అంగుళాలు, కొన్నిటి మీద ఇంకా తక్కువ. నేను ఒక స్ట్రీమ్‌లో చూశా, పెద్ద మనీ మ్యాచ్, చివరి ర్యాక్ (అంటే ఒక గేమ్), పడితే గెలిచే తొమ్మిదో బంతి నేరుగా ఉంది, కొట్టాడు, పాకెట్ మూతి దగ్గర ఇటు తగిలి అటు తగిలి అంచు మీద ఆగిపోయింది. అతను క్యూ నిలబెట్టుకుని దాని మీద వాలిపోయి కళ్ళు మూసుకున్నాడు, అవతలాయన లేచి రావడానికి రెండు సెకన్లు పట్టింది, ఆ రెండు సెకన్లూ రైల్ మీద, అంటే చుట్టూ చూసే జనంలో, ఒక్క గొంతు లేవలేదు. ఆ మిస్ భయం వల్లా, అలసట వల్లా, ఇంకేదైనానా, స్లో మోషన్‌లో వందసార్లు చూసినా ఎవరూ చెప్పలేరు. అలాంటిది ఓడి కోపంగా ఉన్న బ్యాకర్ అన్న మాటని హెడ్డింగ్‌లో పెట్టేయడం నాకు అస్సలు నచ్చదు, అది ఒక మనిషి కూడు లాగేయడమే.

అయితే లెక్కలు ఎందుకు బయటికి రావు అంటే దానికి కారణం ఉంది. మనీ మ్యాచ్ అంటే చట్టం దృష్టిలో జూదం, అమెరికాలో చాలా రాష్ట్రాల్లో జూదం బాకీని కోర్టులో వసూలు చేసుకోలేరు. అందుకే అంతా నోటిమాట, చేతిలో చెయ్యి వేసి ఒప్పుకోవడం. ఇల్లినాయ్‌లో జాన్‌స్టన్ సిటీ అనే చిన్న ఊళ్ళో 1961 నుంచి ఏటా దేశంలోని పెద్ద పెద్ద హస్లర్లంతా (పందేల మీద బతికే పూల్ ఆటగాళ్ళు) చేరి ఆడేవాళ్ళు, 1972లో ఫెడరల్ ఏజెంట్లు రైడ్ చేశాక అది ఆగిపోయింది. అలాంటి చోట పెరిగిన ఆటలో కాగితం మీద సంతకం పెట్టడానికి ఎవరు ముందుకొస్తారు?

అదే కాగితం ఉన్నప్పుడు చూడండి తేడా. 1996లో డల్లాస్‌లో అమెరికన్ ప్లేయర్ ఎర్ల్ స్ట్రిక్‌ల్యాండ్ వరసగా 10 ర్యాక్‌లు క్లియర్ చేస్తే మిలియన్ డాలర్లు అన్న ఛాలెంజ్ గెలిచాడు, ఆ బహుమతికి బీమా చేసిన ఇన్సూరెన్స్ కంపెనీ డబ్బు ఇవ్వడానికి మొండికేసింది, కోర్టుదాకా వెళ్ళి చివరికి రాజీ అయింది. షరతులు రాసి ఉన్నాయి కాబట్టి విలేకరులకి పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికింది. 2006లో ఐపీటీ (ఇంటర్నేషనల్ పూల్ టూర్) కూడా అంతే, కెవిన్ ట్రూడో అనే వ్యాపారి పెట్టింది, రీనోలో జరిగిన వరల్డ్ ఓపెన్‌లో ఫిలిప్పీన్స్ ప్లేయర్ ఎఫ్రెన్ రేయెస్ గెలిచాడు, మొదటి బహుమతి 5,00,000 డాలర్లు. పూల్‌లో అంత డబ్బా అని అందరూ నోళ్ళు తెరిచారు, తీరా చూస్తే ప్లేయర్లకి డబ్బు టైముకి అందలేదు, తర్వాత విడతలు విడతలుగా ఇచ్చారు. అక్కడ ప్రకటించిన అంకె అందరి ముందూ ఉంది కాబట్టి ఎంత ఇవ్వాలి, ఎంత ఇచ్చారు అని నిలదీసి అడగగలిగారు. బ్యాకర్ గొడవల్లో ఆ ప్రకటించిన అంకె ఉండదు, అందుకే అడగాల్సిన అవసరం ఇంకా ఎక్కువ.

రాసేవాళ్ళ ఇబ్బంది నాకు అర్థం కాక కాదు. ఇది చిన్న లోకం, ఇవాళ బ్యాకర్‌గా ఉన్నాయనే రేపు ఒక పూల్ రూమ్ ఓనర్, ఎల్లుండి స్ట్రీమ్‌కి స్పాన్సర్, ఆయన్ని గట్టిగా అడిగితే మళ్ళీ ఆ గుమ్మం తొక్కనివ్వరు. ప్లేయర్‌ని అడిగితే ఇంటర్వ్యూ ఇవ్వడు. ఇద్దరినీ నొప్పించకూడదని ఇద్దరి మాటా రాసి వదిలేస్తే నష్టపోయేది మాత్రం ఇరవై ఏళ్ళ కుర్రాడు, మంచి బ్రేక్ (గేమ్ మొదలుపెట్టే దెబ్బ) ఉంది, చేతిలో పైసా లేదు, మొదటి బ్యాకర్ దొరికాడన్న సంతోషంలో మేకప్ అంటే ఏంటో కూడా అడక్కుండా సరే అంటాడు. వాడికి ఈ వార్తల్లోంచి నేర్చుకోవడానికి ఏమీ దొరకట్లేదు, అదే నా బాధ.

మొన్నటి వార్త చివర్లో ఆ ప్లేయర్ వచ్చే టోర్నమెంట్‌కి కొత్త బ్యాకర్‌తో వెళ్తున్నాడని ఒక లైన్ ఉంది. పాత బాకీ అక్కడితో పోయిందా, కొత్తాయన తీర్చాడా, లేక మొదటి గెలుపులోంచే కట్ అవుతుందా, అది మాత్రం రాయలేదు.