చీకట్లో గాలం, దీపం మీద వాదం

నిన్న శనివారం, మాఘ బహుళ సప్తమి. నేను పంచాంగం చూసేది చంద్రుడి కోసమే. సప్తమి నాడు ఆయన అర్ధరాత్రి అయితే గానీ సముద్రం మీదికి రాడు. ఏడింటికల్లా చెన్నైలోని నీలాంగరై ఒడ్డుకు చేరితే అంతసేపూ చీకటే. నేను క్యాలెండరు ముందు నిలబడటం చూసి, "పెరుగన్నం డబ్బాలో పెట్టేస్తాను" అంది మా ఆవిడ. అనుమతి అడిగే అవసరం కూడా లేకుండా పోయింది.

పగలు చెప్పుకోదగ్గది ఏమీ లేదు. ఫ్రిజ్‌లో కూరగాయల అరలో ఎర రొయ్యలు పెట్టినందుకు చీవాట్లు, మధ్యాహ్నం నిద్ర, హెడ్‌ల్యాంప్‌కు చార్జింగు. మోకాలు చూపించుకోవడానికి నిజాంపట్నం నుంచి వచ్చిన మామయ్యగారు సాయంత్రం నా కంటే ముందే చెప్పులు తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డారు. "నేనూ వస్తాను అల్లుడుగారూ, మడత కుర్చీ ఒకటుంటే చాలు" అన్నారు. ఆయన బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యారు. ఏ విషయమైనా రెండు వైపుల నుంచీ వాదించగలరు, ఒక్కోసారి ఒకే వాక్యంలో.

ఒడ్డున కుర్చీ వేసుకుని కూర్చోగానే జేబులోంచి టార్చి తీసి నీళ్ల మీదికి వేశారు. అలల్లో ఏముందో చూద్దామని. నేను వద్దన్నాను. అక్కడ మొదలైంది. "వెలుగుకు చేప వస్తుందండీ, పారిపోదు. మా ఊళ్లో పెట్రోమాక్స్ దీపాలు పెట్టి పట్టేవారు" అన్నారు.

ఆయన మాటలో అబద్ధం లేదు. కదలని దీపం నీటి మీద గంటల తరబడి వెలిగితే అక్కడికి ముందు ప్లవకాలు, అంటే నీళ్లలో తేలే సన్నటి జీవులు చేరతాయి, వాటి కోసం చిన్న చేపలు, వాటి కోసం పెద్దవి. పెద్దవి వెలుగు మధ్యలోకి రావు, వెలుగూ నీడా కలిసే అంచున మాటు వేస్తాయి. ఆ కిటుకు ఎంత బాగా పనిచేస్తుందంటే, జనరేటర్లు పెట్టి ఎల్‌ఈడీ దీపాలతో పడవల మీద వేటాడటాన్ని కేంద్ర ప్రభుత్వం 2017లో నిషేధించింది. కానీ మామయ్యగారి పెట్రోమాక్స్ కదలదు. టార్చి కదులుతుంది, ఉన్నట్టుండి వెలుగుతుంది, ఉన్నట్టుండి ఆరుతుంది. చేపను బెదరగొట్టేది వెలుగు కంటే ఎక్కువగా ఆ మార్పు.

మన కంటిపాప వెలుగు పడగానే ముడుచుకుంటుంది. చాలా చేపలకు ఆ సదుపాయం లేదు, కంటిపాప అదే పరిమాణంలో ఉండిపోతుంది, రెప్పలూ లేవు. వెలుగుకు సర్దుకోవాలంటే రెటీనాలోని, అంటే కంటి వెనక పొరలోని, కణాలూ రంగు రేణువులూ చోటు మారాలి. అది క్షణాల్లో తెమిలే పని కాదు, చాలా నిమిషాలు పడుతుంది. ఈలోగా టార్చి ముఖాన పడిన చేప చేయగలిగింది ఒక్కటే, అక్కణ్ణించి పోవడం.

పైగా మనం వెతికే చేప దూరాన ఉండదు. ఒడ్డుకూ మొదటి ఇసుక మేటకూ మధ్య అలలు తవ్విన గాడి ఒకటి ఉంటుంది. రాత్రయితే కిళంగాన్ లాంటి చేపలు ఇసుకలో పురుగుల కోసం ఆ గాడిలోకి, ఒక్కోసారి మోకాలి లోతులోకి కూడా వస్తాయి. కొత్తగా వచ్చేవాళ్లు ఆ గాడిలో దిగి, దీపం వేసుకుని, వాటిని తొక్కుకుంటూ వెళ్లి వంద గజాల అవతలికి గాలం విసురుతారు. నాకిది చూస్తే నవ్వొస్తుంది. అల విరిగి తెల్లటి నురుగు లేచే చోట వెలుగు పడ్డా పెద్ద నష్టం లేదు, ఇసుకా బుడగలూ దాన్ని చెదరగొడతాయి. ప్రశాంతంగా ఉన్న ఆ గాడి నీళ్లలోనే జాగ్రత్తగా ఉండాలి.

అందుకే ఎర గుచ్చడం, ముడి వేయడం లాంటివన్నీ నీటికి వీపు పెట్టి, వెనక ఇసుక దిబ్బ మీద చేసుకుంటాను. రాడ్డు కొనకు విరిస్తే ఆకుపచ్చగా వెలిగే ప్లాస్టిక్ పుల్ల ఉంటుంది. చేప లాగితే అదే ఊగుతుంది. గాలం నీళ్లలో ఉన్నంతసేపూ నాకు వేరే దీపం అక్కర్లేదు.

"మరి మీ తలకాయ మీది ఎర్ర దీపమో? చేపలకు ఎరుపు కనబడదా?" మామయ్యగారు వదలలేదు. చాలామంది అలాగే చెబుతారు, నీళ్లు ఎరుపును ముందుగా మింగేస్తాయని. పది మీటర్ల లోతున అది నిజమే. మోకాలి లోతులో ఎరుపు ఏమంత తగ్గదు, ఎరుపును చూడగల చేపలూ లేకపోలేదు. ఎర్ర దీపం ముఖ్యంగా నా కళ్ల కోసం. చీకటికి మన కళ్లు పూర్తిగా అలవాటు పడటానికి ఇరవై ముప్ఫై నిమిషాలు కావాలి. తెల్ల దీపం ఒక్కసారి వేస్తే అదంతా పోయి మళ్లీ మొదటికి వస్తుంది, మసక ఎరుపుతో అంతగా పోదు. కళ్లు అలవాటు పడితే నక్షత్రాల వెలుగులో, ఈసీఆర్ (ఈస్ట్ కోస్ట్ రోడ్డు) వైపు నుంచి వచ్చే నగరపు కాంతిలో నురుగు గీత చక్కగా కనిపిస్తుంది, దీపం వేయాలన్న ఆలోచనే రాదు. ఎర్ర దీపంతో చిక్కు ఒకటుంది. తొమ్మిదింటికి పడిన జెల్ల చేపను గాలం నుంచి విడిపిస్తుంటే దాని ముల్లు వేలికి దిగింది. మంట తెలుస్తోంది గానీ ఆ వెలుగులో చర్మం మీద రక్తం ఆనవాలే లేదు. అప్పుడు దిబ్బ వెనక్కి వెళ్లి తెల్ల దీపమే వేశాను. జెల్ల ముల్లులో విషం ఉంటుంది, అక్కడ పట్టుదలలు పనికిరావు.

రాత్రి పొద్దుపోయాక తాబేళ్ల కోసం నడిచే పిల్లలు వచ్చారు. స్టూడెంట్స్ సీ టర్టిల్ కన్సర్వేషన్ నెట్‌వర్క్ 1988 నుంచి ఈ ఒడ్డున ఆలివ్ రిడ్లీ తాబేళ్ల గుడ్లను కాపాడుతోంది. వీధి దీపాలను చూసి పిల్ల తాబేళ్లు సముద్రానికి బదులు రోడ్డు వైపు పాకుతాయని, గుడ్లను తవ్వి, వాటిని పొదిగించే హేచరీకి చేరుస్తారు. నా ఎర్ర దీపాన్ని కూడా నేల వైపు దించమన్నారు. దించాను. మామయ్యగారు అడక్కుండానే టార్చి జేబులో పెట్టేశారు. నేను గంట సేపు చెప్పింది ఒక ఎత్తు, ఆ అమ్మాయి "తాతగారూ, లైటు" అనడం ఒక ఎత్తు.

రెండు కిళంగాన్లు, ఒక జెల్ల. పండుగప్ప కలలోకి కూడా రాలేదు.

తిరిగొస్తూ నా అసలు ఫిర్యాదు ఆయనకు చెప్పాను. ఈ హెడ్‌ల్యాంప్ తయారుచేసినవాడు రాత్రి సముద్రం చూసి ఉండడు. మీట ఒకసారి నొక్కితే తెల్ల దీపం, మళ్లీ నొక్కితే మసక తెలుపు, మూడోసారికి గానీ ఎరుపు రాదు. ఆయన ఊ కొట్టి ఊరుకున్నారు. పొద్దున లేచేసరికి సోఫాలో కూర్చుని కత్తెరతో ఏదో కత్తిరిస్తున్నారు. బడి వార్షికోత్సవ నాటకాలకు లైట్ల మీద రంగు జెలటిన్ కాగితాలు కట్టిన అనుభవం ఆయనది. మిఠాయి డబ్బా మీది ఎర్ర కాగితాన్ని రెండు పొరలుగా మడిచి, తెల్ల బల్బు మీద రబ్బరు బ్యాండుతో బిగించారు. "ఇప్పుడు ఎన్నిసార్లు నొక్కినా ఎరుపే. ముల్లు గుచ్చుకుంటే బ్యాండు లాగేయండి" అన్నారు. మళ్లీ ఎప్పుడు వెళ్తున్నామో కూడా అడిగారు. ఈసారి కుర్చీ ఆయనే మోస్తారట.