శీలావతి కండ ఎంత మందం పెరుగుతుందో ముందే లెక్కేద్దాం

ల్యాబ్‌లో పెంచే చేప మాంసం అనగానే మన వైపు మొదటి ప్రశ్న పులస గురించే. ఇప్పటికైతే దాని జోలికి వెళ్లొద్దంటాను. వలలో పడిన కాసేపటికే పులస చచ్చిపోతుంది. కణాలు తీయడానికి మనకేమో ల్యాబ్ బల్లమీదికి వచ్చేదాకా ప్రాణంతో ఉన్న చేప కావాలి. భీమవరం, ఆకివీడు చెరువుల్లో శీలావతి (రోహు) పిల్లలకు కొదవ లేదు. 50 నుంచి 100 గ్రాములవి చాలు. చిన్న చేప కండలో ఇంకా విభజన చెందగల కణాల పాలు ఎక్కువ.

ఇన్‌క్యుబేటర్ దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. శీలావతి కణాలకు 28 డిగ్రీలు కావాలి. మామూలు ఇన్‌క్యుబేటర్ వేడి చేస్తుందే కాని చల్లబరచదు. మే నెలలో గది 38 డిగ్రీలుంటే లోపలా అంతకు తగ్గదు. కాలేజీల్లో ఉండే, చల్లబరచడం కూడా చేసే బీఓడీ ఇన్‌క్యుబేటర్ ఇక్కడ సరిగ్గా పనికొస్తుంది. కణాలను పెంచే పోషక ద్రవంగా (మీడియం) ఎల్-15 వాడితే కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ అక్కర్లేదు. పైగా ఆ గ్యాస్ ఇస్తే ఎల్-15 ఆమ్లమై పసుపు రంగుకు తిరుగుతుంది. బీఓడీలో ఫ్యాన్ గాలికి డిష్‌లు ఎండిపోతాయి, అందుకని తడి టిష్యూ పెట్టిన మూత డబ్బాలో ఉంచాలి.

చేపకు ఒక రోజు మేత ఆపి శుభ్రమైన నీళ్లలో ఉంచండి. లవంగనూనె ఎక్కువ మోతాదులో ఇచ్చి చంపాక పొలుసు తీసి, పొవిడోన్ అయోడిన్‌తో, తర్వాత 70 శాతం ఆల్కహాల్‌తో తుడవాలి. చర్మం కోసిన కత్తెర కండను తాకకూడదు. చెరువు బ్యాక్టీరియా అంతా చర్మం మీది జిగురులోనే ఉంటుంది. వీపు భాగంలోని తెల్లకండ 5 గ్రాములు తీసి, 1 మి.మీ. ముక్కలుగా తరిగి, కణాలను విడదీసే ఎంజైములు వాడి, 0.2 శాతం కొలాజినేజ్‌లో గంటసేపు, ఆపై 0.1 శాతం ట్రిప్సిన్‌లో 20 నిమిషాల చొప్పున రెండుసార్లు ఉంచాలి. ట్రిప్సిన్‌ను సీరంతో ఆపి, 100 మైక్రాన్లు, తర్వాత 40 మైక్రాన్ల జల్లెడ పట్టాలి. వచ్చిన కణాలను పూత లేని డిష్‌లో ఓ గంట ఉంచితే కండకణాలు కాని ఫైబ్రోబ్లాస్ట్‌లు (సంధాయక కణజాలపు కణాలు) ముందుగా అతుక్కుంటాయి. అతుక్కోని వాటిని కణాలు అతుక్కునేందుకు ల్యామినిన్ అనే ప్రొటీన్ పూసిన డిష్‌లోకి మార్చాలి. ఈ మెట్టు వదిలేస్తే వారం తిరిగేసరికి డిష్ నిండా ఫైబ్రోబ్లాస్ట్‌లే.

ఇంతవరకూ చేతిపని. అసలు చిక్కు మందం దగ్గర మొదలవుతుంది. 2013లో లండన్‌లో వండి చూపించిన బర్గర్‌ను సుమారు 20,000 సన్నటి కండపోగులు కలిపి చేశారు. రక్తనాళాలు లేని కండలో ఆక్సిజన్ లోపలికి పోయే దూరం చాలా తక్కువ మరి. ఆక్వా రైతుకు డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) గురించి చెప్పనక్కర్లేదు, తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరవడం రోజూ చూసేదే. కండముక్క మధ్యలో ఉన్న కణం పరిస్థితీ అంతే.

లెక్క చూడండి. 28 డిగ్రీల దగ్గర మీడియంలో ఆక్సిజన్ ఘనమీటరుకు దాదాపు 0.22 మోల్. ఆక్సిజన్ ఎంత వేగంగా విస్తరిస్తుందో చెప్పే వ్యాపన గుణకం సెకనుకు 2 × 10⁻⁹ చదరపు మీటర్లు అనుకుందాం. మిల్లీలీటరుకు 10 కోట్ల కణాలు, ఒక్కో కణం సెకనుకు 5 × 10⁻¹⁷ మోల్ తీసుకుంటే, ఘనమీటరు కండ వాడకం సెకనుకు 0.005 మోల్. గుణకాన్నీ ఆక్సిజన్‌నీ గుణించి, రెట్టించి, వాడకంతో భాగించి వర్గమూలం తీస్తే ఒక వైపు నుంచి ఆక్సిజన్ చేరే లోతు 0.42 మి.మీ. వస్తుంది. కణాలు మూడింతలైతే 0.24 మి.మీ.

అయితే ఈ లెక్క కండ ఉపరితలం దగ్గర డీఓ నిండుగా ఉందనుకుంటుంది. డిష్‌లో కదలకుండా 3 మి.మీ. మీడియం నిలబడి ఉంటే ఆ పొర గుండా వచ్చే ఆక్సిజన్ అవసరంలో పద్నాలుగో వంతు. ఆ పొరను కూడా కలిపి లెక్కేస్తే 0.42 కాస్తా 0.03 మి.మీ.కు పడిపోతుంది! సిమ్యులేషన్ బాగుందంటుంది, కండ మధ్యలో చచ్చిపోతుంది. తప్పు కోడ్‌లో ఉండదు, సరిహద్దు షరతులో, అంటే కండ అంచు దగ్గర ఆక్సిజన్ ఎంతని పెట్టామో అందులో ఉంటుంది. ఇంకొకటి, వాడకాన్ని స్థిరంగా పెడితే లోపల ఆక్సిజన్ మైనస్‌లోకి పోతుంది. ఆక్సిజన్ తగ్గేకొద్దీ వాడకమూ తగ్గేలా మైకేలిస్-మెంటెన్ రూపం పెట్టండి. పైథాన్‌లో 100 బిందువుల ఒక మితి మోడల్ చాలు.

మీడియంను పంపుతో పారిస్తే నిలవ పొర 0.1 మి.మీ.కు తగ్గి, కండ 0.33 మి.మీ. దాకా బతుకుతుంది. కండను జాలీ మీద ఉంచి కింద కూడా పారిస్తే రెండు వైపులా అంతే.

కణాలు నిలబడే ఆధారంగా ఆల్జినేట్ (సముద్రపు నాచు జెల్) ఒక్కటే వాడితే అవి దానికి అతుక్కోవు, జెలటిన్ కలపాలి. చేప చర్మం జెలటిన్ 28 డిగ్రీల దగ్గర మెత్తబడి జారిపోతుంది కాబట్టి ప్రొటీన్లను కలిపి బిగించే ఎంజైమ్ ట్రాన్స్‌గ్లుటామినేజ్‌తో బిగించాల్సిందే.

అయిదో రోజు ముక్కను అడ్డంగా కోసి క్యాల్సీన్-ఏఎం, ప్రొపిడియం అయోడైడ్ అనే రంగులు వేయండి. ఫ్లోరెసెన్స్ మైక్రోస్కోపులో బతికినవి ఆకుపచ్చగా, చచ్చినవి ఎర్రగా కనిపిస్తాయి. అంచు నుంచి ఎరుపు మొదలయ్యే దూరం మోడల్ చెప్పినదానికంటే తక్కువుంటే ముందు ట్యూబుల్లో గాలిబుడగలు వెతకండి, ఆ తర్వాత కణాల సాంద్రత మళ్లీ లెక్కపెట్టండి. పంపుకు యూపీఎస్ తప్పనిసరి. కండలో నిలవున్న ఆక్సిజన్ అదే వాడకానికి 44 సెకన్లకు మించి రాదు. జనరేటర్ అందుకునేదాకా ఆగితే లోపలి పొర దక్కదు.