వంతెన మీద ఇద్దరు

నిన్న ఫ్రెంచ్ నగల కంపెనీ వాన్ క్లీఫ్ అండ్ ఆర్పెల్స్ వారి 'పాం దే జామరూ' వాచీని దగ్గరగా చూశాను. డయల్ మీద చిన్న వంతెన, దానిపై ఇద్దరు ప్రేమికులు. అమ్మాయి గంటలు చూపిస్తుంది, అబ్బాయి నిమిషాలు. పన్నెండు కాగానే ఇద్దరూ కలుసుకుంటారు. ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

నగల కంపెనీ వాచీల్లోకి ఇంకా ముందుకెళ్లాలంటే ఇదే దారి అనిపించింది. ఉన్న వాచీ చుట్టూ మరో వరస వజ్రాలు పొదిగితే చాలదు, లోపలి మెషిన్ మీద కూడా అంతే ప్రేమ ఉండాలి. ఇటలీ నగల కంపెనీ బుల్గరీ 2000లో డానియల్ రోత్, జెరాల్డ్ జెంటా వాచీ సంస్థలను కొంది. ఆ కంపెనీ 2014లో తెచ్చిన 'ఆక్టో ఫినిసిమో టూర్బియాన్' అనే వాచీలో మెషిన్ మందం 1.95 మిల్లీమీటర్లే! అంత ఓపిక కావాలి మరి.

అన్నట్టు, ఆ అబ్బాయి వీపు వెనక గులాబీ దాచుకున్నాడు. రెండోసారి చూస్తేగానీ కనపడలేదు.